లెక్కలోకి రాని భాస్వరం

సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. అందులో రైతు ఎరువుల ఖర్చును నేరుగా నిర్ణయించే గడుల్లో ఒకటి లభ్య భాస్వరం. హెక్టారుకు ఇన్ని కిలోలు అని అక్కడ ఒక సంఖ్య రాస్తారు. అది 10 కంటే తక్కువైతే ‘తక్కువ’, 10 నుంచి 25 వరకు ‘మధ్యస్థం’, 25 దాటితే ‘ఎక్కువ’. దాని ప్రకారమే డీఏపీ ఎంత వేయాలో సిఫారసు వస్తుంది.

నేలలో ఉన్న భాస్వరం మొత్తం ఆ సంఖ్యలో కనిపించదు. ఉదాహరణకు, కిలో మట్టిలో మొత్తం 500 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్న పొలాన్ని తీసుకుందాం. పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు హెక్టారుకు సుమారు 22.4 లక్షల కిలోలని లెక్కిస్తారు. అంటే ఆ పొరలో 1,120 కిలోల భాస్వరం ఉందన్నమాట. అదే పొలానికి కార్డులో 9 కిలోలు అని రావచ్చు. రెండు సంఖ్యలూ నిజమే. మొదటిది నేలలో ఉన్నది చెబుతుంది. రెండోది, ఒక నిర్ణీత ద్రావణంలోకి అరగంటలో కరిగి వచ్చినది చెబుతుంది.

ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న భాస్వరంలో కొంత రాతి ఖనిజాల్లో ఉంటుంది. కొంత ఇనుము, అల్యూమినియం, కాల్షియంలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. మిగిలింది సేంద్రియ భాస్వరం, అంటే మొక్కలు, సూక్ష్మజీవులు, పశువుల ఎరువు నుంచి వచ్చిన కర్బన అణువుల్లో భాగంగా ఉన్న భాస్వరం. చాలా నేలల్లో మొత్తం భాస్వరంలో దీని వాటా 30 నుంచి 65 శాతం వరకు ఉంటుంది. సేంద్రియ కర్బనం తక్కువగా ఉండే మెట్ట భూముల్లో వాటా తగ్గవచ్చు, కానీ సున్నా కాదు.

ఇంత పెద్ద భాగాన్ని పక్కన పెట్టి నేల భాస్వరం గురించి మాట్లాడటం సరికాదు. అలాగని కార్డులో ‘సేంద్రియ భాస్వరం’ అనే మరో గడి చేర్చడమూ ఇప్పుడే చేయదగిన పని కాదు. కొలిచే పద్ధతులు లేకపోవడం సమస్య కాదు. పద్ధతులు చాలానే ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో జవాబు ఇస్తుంది. ఏ పద్ధతి ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో ముందుగా తేల్చుకోవాలి.

నీలి రంగు చూడనిది

మన దేశంలోని భూసార పరీక్షా కేంద్రాలు ఎక్కువగా వాడేది 1954లో వచ్చిన ఓల్సెన్ పద్ధతి. పీహెచ్ 8.5 ఉన్న సోడియం బైకార్బనేట్ ద్రావణంలో మట్టిని కలిపి, ఊపి, వడగడతారు. ఆమ్ల నేలలకు 1945 నాటి బ్రే పద్ధతి వాడతారు. వడకట్టిన నీటికి ఆమ్లంలో మాలిబ్డేట్, ఆ తర్వాత ఆస్కార్బిక్ ఆమ్లం వంటి పదార్థాన్ని కలిపితే నీలి రంగు వస్తుంది. ఆ నీలం ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. దేశంలోని ఏ చిన్న ప్రయోగశాలైనా చవకగా, త్వరగా చేయగల పరీక్ష ఇది.

కానీ ఆ నీలి రంగు దాదాపుగా ఒక్క ఆర్థోఫాస్ఫేట్‌కే వస్తుంది. అంటే విడిగా తిరుగుతున్న ఖనిజ రూప ఫాస్ఫేట్‌కే. కర్బన అణువుకు కట్టుబడి ఉన్న ఫాస్ఫేట్ అదే గాజు గొట్టంలో ఉన్నా చాలావరకు రంగునివ్వదు.

ఇక్కడ గమనించాల్సిన ఒక చిన్న విషయం ఉంది. బైకార్బనేట్‌తో తీసిన ద్రావణం చాలాసార్లు గోధుమ రంగులో ఉంటుంది. మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి రావడమే దానికి కారణం. ఆ రంగు నీలి రంగు కొలతకు అడ్డొస్తుంది కాబట్టి బొగ్గుపొడి కలిపి తొలగిస్తారు. ఆ పరీక్ష అడిగే ప్రశ్నకు అది సరైన పనే. అయితే, సేంద్రియ భాస్వరం ఎక్కడ ఉందని వెతకాలో సరిగ్గా ఆ పదార్థాన్నే అక్కడ మలినంగా భావించి తీసేస్తున్నారు.

పరికరం మారితే సంఖ్యా మారుతుంది. ఐసీపీ అనే యంత్రం ద్రావణాన్ని వేల డిగ్రీల ప్లాస్మాలోకి పంపి, అణువులన్నిటినీ విడగొట్టి, వెలువడే కాంతి ఆధారంగా భాస్వరాన్ని కొలుస్తుంది. అది ఖనిజ రూపమా, సేంద్రియ రూపమా అన్న తేడా దానికి లేదు. అందువల్ల ఒకే మట్టి, ఒకే ద్రావణం అయినా ఐసీపీ సంఖ్య నీలి రంగు సంఖ్య కంటే ఎక్కువ రావచ్చు. ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అనే హద్దులు మాత్రం నీలి రంగు కొలతల ఆధారంగా ఏర్పడినవి. ఏ యంత్రంతో కొలిచారో చెప్పకుండా సంఖ్య ఒక్కటే ఇస్తే, పొలంలో ఏమీ మారకుండానే కాగితం మీద అది ‘తక్కువ’ నుంచి ‘మధ్యస్థం’లోకి మారే ప్రమాదం ఉంది.

కాల్చి, తీసివేసి

సేంద్రియ భాస్వరాన్ని కొలిచే పాత దారి, ఇప్పటికీ ఎక్కువమంది వాడే దారి, కాల్చడం. మట్టిని రెండు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని కొలిమిలో 550 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచుతారు. కర్బనం కాలిపోయి, దానికి కట్టుబడి ఉన్న ఫాస్ఫేట్ ఖనిజ రూపంలోకి వస్తుంది. రెండో భాగాన్ని కాల్చకుండా ఉంచుతారు. రెండింటినీ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగి నీలి రంగు పరీక్ష చేస్తారు. కాల్చినదానిలోంచి కాల్చనిదాన్ని తీసివేస్తే వచ్చేది సేంద్రియ భాస్వరం. 1950ల నుంచి ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు.

ఇబ్బంది తీసివేతలోనే ఉంది. కాల్చిన మట్టిలో 500, కాల్చనిదానిలో 350 వచ్చాయనుకుందాం. తేడా 150. ప్రతి కొలతలోనూ 5 శాతం అనిశ్చితి ఉంటే మొదటిదానికి 25, రెండోదానికి 17.5 అటూ ఇటూ కావచ్చు. రెండు అనిశ్చితులూ కలిసి తేడా మీద పడేది సుమారు 30. అంటే 150కి 20 శాతం. 5 శాతం ఖచ్చితత్వంతో మొదలైన పని 20 శాతం దగ్గర ముగిసింది. సేంద్రియ భాస్వరం తక్కువగా ఉన్న నేలల్లో ఈ అనిశ్చితి ఇంకా పెరుగుతుంది. మన మెట్ట భూములు చాలావరకు ఆ కోవలోవే.

నేల స్వభావం తెచ్చే చిక్కు మరొకటి. బాగా శిథిలమైన ఎర్ర నేలలను వేడి చేస్తే వాటి ఖనిజాల్లో గట్టిగా ఉన్న భాస్వరం కూడా ఆమ్లంలో సులభంగా కరగడం మొదలవుతుంది. అది సేంద్రియం కాకపోయినా సేంద్రియం ఖాతాలో పడుతుంది. కాబట్టి ఒక నల్లరేగడి నేలనూ ఒక ఎర్ర నేలనూ ఈ పద్ధతితో కొలిచి, ఫలానాదానిలో సేంద్రియ భాస్వరం ఎక్కువ అని చెప్పడంలో జాగ్రత్త అవసరం.

వరుసగా కడిగితే

1982లో హెడ్లీ, స్టీవార్ట్, చౌహాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మరో దారి చూపారు. ఒకే మట్టిని వరుసగా తీవ్రత పెరిగే ద్రావణాలతో కడగడం ఆ పద్ధతి. ముందు రెజిన్, తర్వాత బైకార్బనేట్, సోడియం హైడ్రాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చివరికి మిగిలింది. క్షార ద్రావణాల దశల్లో నీలి రంగు ఇచ్చే భాస్వరాన్నీ, మొత్తం భాస్వరాన్నీ విడివిడిగా కొలిచి, తేడాను సేంద్రియంగా లెక్కిస్తారు. నేల శాస్త్రంలో అత్యధికంగా వాడిన పద్ధతుల్లో ఇదొకటి. భారతీయ పరిశోధనా పత్రాల్లోనూ తరచుగా కనిపిస్తుంది.

ఇక్కడ వచ్చే సంఖ్యలకు ‘సులభంగా అందేది’, ‘మధ్యస్థంగా అందేది’, ‘అందనిది’ అని పేర్లు పెట్టడం అలవాటైంది. కానీ మట్టిలో ఆ పేర్లతో విడివిడి అరలు లేవు. బైకార్బనేట్‌లో కరిగింది బైకార్బనేట్‌లో కరిగింది, అంతే. పంట వేరు బైకార్బనేట్ సీసా కాదు. ఆస్ట్రేలియాకు చెందిన బారో, ఆయన సహచరులు 2021లో ప్రచురించిన పత్రంలో ఈ విభజననే ఒక భ్రమగా విమర్శించారు. ఆ విమర్శ మొత్తాన్ని అంగీకరించని శాస్త్రవేత్తలూ ఉన్నారు. అయినా ఒక మాట మాత్రం నిలుస్తుంది: ద్రావణం పేరును మొక్క ప్రవర్తనగా చదవకూడదు.

అయస్కాంతం చెప్పిన పేర్లు

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులు ‘ఎంత’ అన్నదానికే జవాబిస్తాయి. ‘ఏ అణువు’ అన్న ప్రశ్నకు తలుపు తెరిచింది ఎన్‌ఎంఆర్, అంటే కేంద్రక అయస్కాంత అనునాదం. ఆసుపత్రిలో ఎమ్మారై స్కాన్ ఏ సూత్రంతో పనిచేస్తుందో ఇదీ ఆ సూత్రమే. ప్రకృతిలో దొరికే భాస్వరం మొత్తం ఒకే ఐసోటోపు, భాస్వరం-31. అది ఈ పద్ధతికి చక్కగా స్పందిస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకం ఇచ్చే సంకేతం, దాని చుట్టూ ఏ అణువు ఉందన్నదాన్ని బట్టి కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుబాటును బట్టి అణువును గుర్తుపడతారు. 1980లో న్యూజిలాండ్‌లో న్యూమన్, టేట్ దీన్ని మట్టి ద్రావణాల మీద ప్రయోగించి దారి చూపారు. సోడియం హైడ్రాక్సైడ్, ఈడీటీఏ కలిపిన ద్రావణంతో మట్టిలోని భాస్వరాన్ని బయటికి తీయడం ఆ తర్వాత స్థిరపడింది.

ఈ పద్ధతి చూపించిన వాటిలో ముఖ్యమైనది ఫైటేట్. గింజలు భాస్వరాన్ని దాచుకునే రూపం ఇది. ఒక కర్బన వలయానికి ఆరు ఫాస్ఫేట్ సమూహాలు అతికి ఉంటాయి. ఎన్‌ఎంఆర్‌లో ఆ ఆరూ 1:2:2:1 నిష్పత్తిలో నాలుగు శిఖరాలుగా కనిపిస్తాయి. మొక్కజొన్న, సోయా వంటి మేతలోని ఫైటేట్‌ను కోళ్లు సరిగా అరిగించుకోలేవు, అందుకే మేతలో ఫైటేజ్ ఎంజైము కలుపుతారు. అరగని ఫైటేట్ కోళ్ల ఎరువుతో పొలానికి చేరుతుంది. కోళ్ల పరిశ్రమ విస్తారంగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతి కాదు.

అయితే ఎన్‌ఎంఆర్ కూడా తుది తీర్పు కాదు. భాస్వరాన్ని బయటికి తీసే క్షారమే కొన్ని అణువులను విరగ్గొడుతుంది. ఆర్‌ఎన్‌ఏ, కొన్ని ఫాస్ఫోలిపిడ్లు ఆ క్షారంలో విడిపోయి మరో రకం అణువులుగా నమోదవుతాయి. ఇనుము, మాంగనీస్ ఎక్కువగా ఉంటే శిఖరాలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇనుము దండిగా ఉన్న ఎర్ర నేలల విషయంలో ఇది చిన్న అడ్డంకి కాదు. పైగా శిఖరాల అడుగున వెడల్పాటి దిబ్బలాంటి సంకేతం ఒకటి ఉంటుంది. దాన్ని ఫైటేట్ ఖాతాలో వేయాలా, పెద్ద పెద్ద సంక్లిష్ట సేంద్రియ అణువుల ఖాతాలో వేయాలా అన్న వాదం ఇంకా నడుస్తోంది. ఆస్ట్రేలియాలో స్మెర్నిక్, డూలెట్, ఆ తర్వాత మెక్‌లారెన్ బృందం చేసిన పని ప్రకారం, ఆ దిబ్బను పట్టించుకోకపోతే ఫైటేట్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కించినట్టవుతుంది.

జీవం వైపు నుంచి

రసాయన పద్ధతులన్నీ ‘ఏముంది’ అని అడుగుతాయి. రైతుకు అవసరమైన ప్రశ్న ‘పంటకు ఏమందుతుంది’. దానికి దగ్గరగా వెళ్లేవి ఎంజైము పద్ధతులు. భాస్వరం కొరతగా ఉన్నప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు ఫాస్ఫటేజ్ అనే ఎంజైములను విడుదల చేస్తాయి. ఇవి సేంద్రియ అణువు నుంచి ఫాస్ఫేట్‌ను కత్తిరించి ఇస్తాయి. 1969లో టబటబాయ్, బ్రెమ్నర్ రూపొందించిన పరీక్షలో మట్టికి ఒక కృత్రిమ ఫాస్ఫేట్ పదార్థాన్ని కలిపి 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచుతారు. ఎంజైము పనిచేస్తే పసుపు రంగు వస్తుంది. చవకైన పరీక్ష, జిల్లా స్థాయిలోనూ చేయవచ్చు. కానీ అది కొలిచేది ఎంజైము సామర్థ్యాన్ని. మట్టిలోని భాస్వరం పరిమాణాన్ని కాదు. ఖనిజ రేణువుకు గట్టిగా అతుక్కున్న ఫైటేట్‌ను చేరలేకపోతే ఎంత ఎంజైము ఉన్నా లాభం లేదు.

1987లో తారఫ్‌దార్, యుంక్ వేరు చుట్టూ ఉన్న మట్టిని పలుచని పొరలుగా పరిశీలించారు. వేరుకు దగ్గరయ్యే కొద్దీ ఫాస్ఫటేజ్ చురుకుదనం పెరగడం, అక్కడే సేంద్రియ భాస్వరం తగ్గడం చూపించారు. సేంద్రియ భాస్వరం ఊరికే పడి ఉండే నిల్వ కాదని, వేరు దగ్గర దానికీ కదలిక ఉంటుందని చెప్పే ముఖ్యమైన ఆధారం ఇది.

ఈ పద్ధతులన్నిటికీ ముందు మరో దశ ఉంది, మట్టిని ఆరబెట్టడం. పరీక్షకు వచ్చిన మట్టిని నీడన ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టడం సర్వసాధారణం. 2001లో టర్నర్, హేగార్త్ ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లండ్, వేల్స్ పచ్చిక నేలలను ఆరబెట్టి మళ్లీ తడిపితే నీటిలో కరిగే భాస్వరం బాగా పెరిగిందనీ, అందులో అధిక భాగం సేంద్రియమేననీ తేలింది. ఎండినప్పుడు చచ్చిన సూక్ష్మజీవుల నుంచి వచ్చిన భాస్వరం అందులో ముఖ్య భాగమని వారు వివరించారు. అంటే మట్టిని ఎలా ఆరబెట్టారన్నది కూడా కొలతలో భాగమే.

కొలవకపోతే ఎవరికి నష్టం

ఇదంతా ప్రయోగశాలల అంతర్గత వ్యవహారం అనిపించవచ్చు. కాదు. భారతదేశం ఫాస్ఫేట్ శిలను మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచి పెద్ద ఎత్తున దిగుమతి చేసుకుంటుంది. డీఏపీ కూడా విదేశాల నుంచి వస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం 10 కిలోలే. వేసిన భాస్వరంలో మొదటి పంట తీసుకునేది సాధారణంగా 15 నుంచి 20 శాతం. మిగిలింది నేలలో రకరకాల రూపాల్లోకి మారుతుంది, కొంత సేంద్రియ రూపంలోకి కూడా. దశాబ్దాలుగా వేసిన ఎరువు ఏ రూపంలో పోగయిందో తెలియకుండా ఎంత తగ్గించవచ్చో చెప్పలేం.

ఈ ఖాళీలో వ్యాపారం పెరుగుతోంది. ‘నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని విడుదల చేస్తుంది’ అనే మాటతో జీవన ఎరువులు అమ్ముతున్నారు. వాటిలో మంచివీ ఉండవచ్చు. అయితే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాకు పెట్టిన ప్రమాణం చూడండి: తగినన్ని జీవకణాలు ఉండాలి, ప్రయోగశాల మాధ్యమంలో కనీసం 5 మిల్లీమీటర్ల కరిగింపు వలయం కనిపించాలి లేదా కనీసం 30 శాతం కరిగింపు సామర్థ్యం ఉండాలి. ఆ మాధ్యమంలో సాధారణంగా కలిపేది ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే ఖనిజ రూపం. సేంద్రియ భాస్వరాన్ని ఆ బాక్టీరియా విడుదల చేస్తుందా అన్న ప్రశ్న ఆ పరీక్షలోకి రాదు.

ఈ కథ కొత్తది కాదు. సోవియట్ యూనియన్‌లో ‘ఫాస్ఫోబాక్టెరిన్’ పేరుతో, సేంద్రియ భాస్వరాన్ని విడుదల చేస్తుందంటూ ఒక బాక్టీరియాను పెద్ద ఎత్తున పొలాల్లో వాడారు. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశీలనల్లో ఆ ప్రయోజనం నిర్ధారణ కాలేదు. కొలత లేని చోట నమ్మకమే ప్రమాణమవుతుంది.

పరీక్షకు అందని భాస్వరాన్ని పంటలు అందుకోగలవని తెలుగు నేల మీదే రుజువైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన కంది గురించి. కంది వేర్లు విడుదల చేసే పిసిడిక్ ఆమ్లం వంటి పదార్థాలు ఇనుముకు అతుక్కున్న భాస్వరాన్ని విడిపిస్తాయని అందులో చూపించారు. అక్కడ విడుదలైంది ఖనిజ రూప భాస్వరమే, సేంద్రియం కాదు. కానీ సారాంశం ఒకటే: ‘లభ్యం’ అన్న మాట పంటను బట్టి మారుతుంది. ద్రావణానికి అందనిదంతా కందికి అందనిది కాదు.

ఏం చేయాలి

ఓల్సెన్ పరీక్షను తప్పుపట్టడం ఈ వాదన ఉద్దేశం కాదు. పంట స్పందనతో పోల్చి చూసి దశాబ్దాలుగా నిలబెట్టుకున్న పరీక్ష అది. ఒక సీజన్‌లో ఎరువు ఎంత వేయాలన్న ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఇస్తుంది. లక్షల నమూనాలు పరీక్షించే వ్యవస్థలో ఎన్‌ఎంఆర్ గురించి మాట్లాడటం అర్థం లేని పని అనే అభ్యంతరంలోనూ నిజం ఉంది. ఒక్కో నమూనాకు గంటల తరబడి యంత్ర సమయం కావాలి.

అందుకే చేయాల్సింది వేరే. మొదటిది ఖర్చులేని పని. భాస్వరం సంఖ్య ఎక్కడ రాసినా ఏ ద్రావణంతో తీశారు, నీలి రంగుతో కొలిచారా, ఐసీపీతో కొలిచారా అన్నది పక్కనే రాయాలి. కార్డులోనూ, పరిశోధనా పత్రంలోనూ.

రెండోది, దేశంలో ఇప్పటికే ఉన్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగ క్షేత్రాలను వాడుకోవాలి. భోపాల్‌లోని భారత మృత్తికా విజ్ఞాన సంస్థ సమన్వయంలో నడిచే ఈ క్షేత్రాలు 1970ల నుంచి ఉన్నాయి. తెలంగాణలోని జగిత్యాల కూడా ఒక కేంద్రం. ఏటా ఎంత ఎరువు వేశారో, ఎంత పంట తీశారో లెక్క ఉన్న మట్టి అది. ఆ మట్టినే వేర్వేరు ప్రయోగశాలలకు పంపి, ఆరబెట్టే తీరు నుంచి మొదలుపెట్టి ఒకే నియమంతో కాల్చే పద్ధతి, ఎంజైము పరీక్ష, కొన్ని ఎంపిక చేసిన నమూనాలకు ఎన్‌ఎంఆర్ చేయిస్తే, ఏ పద్ధతి ఏ నేలలో ఎంత తడబడుతుందో తెలుస్తుంది. ఇది వందల నమూనాల పని, లక్షలది కాదు.

మూడోది అసలు పరీక్ష. ఓల్సెన్ సంఖ్యకు సేంద్రియ భాస్వరం సంఖ్యను జోడిస్తే పంట స్పందనను ఇంకా బాగా ఊహించగలమా? క్షేత్ర ప్రయోగాల్లో అవునని తేలితేనే కార్డులో గడి పెట్టాలి. కాదని తేలితే ఆ మాటా బహిరంగంగా చెప్పాలి. భాస్వరాన్ని విడుదల చేస్తామని చెప్పే ఉత్పత్తులకూ ఇదే కొలబద్ద. ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌తో పాటు ఫైటేట్ మీదా, పళ్లెంలోని మాధ్యమంతో పాటు అసలు మట్టిలోనూ పరీక్షించాలి.

సేంద్రియ భాస్వరం ఉచితంగా దొరికిన నిధి అని చెప్పడం కూడా తప్పే అవుతుంది. పంట ఏ రూపం నుంచి తీసుకున్నా కోతతో పాటు భాస్వరం పొలం దాటిపోతుంది. దాన్ని ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే. ఎంత, ఎప్పుడు, ఏ పొలంలో అన్నది చెప్పాలంటే మాత్రం నీలి రంగుకు చిక్కని భాగాన్ని కూడా లెక్కలోకి తెచ్చుకోవాలి. డీఏపీ ధర పెరిగిన ప్రతి ఏడాదీ ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. దానికి ముందే మట్టి నమూనాలు భద్రపరచడం మొదలుపెట్టడం మంచిది.